పిల్లల కస్టడీ: తెలుగునాట చరిత్ర

భార్యాభర్తలు విడిపోయాక పిల్లలు ఎవరి దగ్గర పెరగాలి, రెండోవారు వాళ్లను ఎప్పుడెప్పుడు చూడాలి, చదువు సంధ్యల ఖర్చు ఎవరు భరించాలి అన్నది తేల్చే ఏర్పాటే పిల్లల సంరక్షణ హక్కు. కోర్టు వరండాల్లో దీని పేరు కస్టడీ. పల్నాడు జిల్లా రొంపిచెర్ల వంటి చోట ఇలాంటి తగవును ముందు పెద్దల్లో పెట్టడం రివాజు. అక్కడ తెగకపోతే నరసరావుపేట కోర్టు దారి పడతారు.

హిందువులకు విడాకుల చట్టం రాకముందే చాలా తెలుగు కులాల్లో తెగతెంపులు, మారుమనువులు ఉండేవి. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచార విడాకులను రద్దు చేయలేదు. పెద్దమనుషుల తీర్పుల్లో సాధారణంగా బిడ్డలు ఇంటిపేరు గలవారికే, అంటే తండ్రి వైపుకే, చెందేవారు. చంటిబిడ్డయితే కొన్నాళ్లు తల్లి దగ్గర ఉండేది. సారె, సొమ్ములు, కట్నం లెక్క తేల్చినంత శ్రద్ధగా పిల్లల సంగతి తేల్చిన పంచాయతీలు తక్కువే.

కోర్టులకు ఇప్పటికీ ఆధారమైన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 నాటిది. మైనరు మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే ఆ ప్రాంతపు జిల్లా కోర్టులో పిటిషను వేయాలని దాని 9వ సెక్షను చెబుతుంది. బిడ్డకు ఊహ తెలిసిన వయసుంటే ఇష్టాయిష్టాలను కోర్టు గమనించవచ్చని 17వ సెక్షను అంటుంది. ఈ రెండూ ఎంత బరువైనవో చూపిన పెద్ద దావా ఒక తెలుగు తండ్రిదే. అది విడాకుల కేసు కాదు గాని, దాన్ని వదిలేసి ఈ చరిత్ర చెప్పలేం.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, తమ్ముడు నిత్యానందను తండ్రి నారాయణయ్య 1910లో రాతపూర్వకంగా దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీబిసెంట్ సంరక్షణలో ఉంచాడు. తర్వాత మనసు మార్చుకుని, పిల్లల్ని తిరిగి అప్పగించాలని 1912లో చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశాడు. అప్పటికి పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు. బిసెంట్ తన వాదన తానే వినిపించుకున్నారు. నారాయణయ్య తరఫున సి.పి. రామస్వామి అయ్యర్ నిలబడ్డారు. కేసు బదిలీ అయిన మద్రాసు హైకోర్టు తండ్రి వైపు తీర్పు చెప్పింది. 1914లో, అప్పటి చివరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. తండ్రి తన అధికారాన్ని ఎవరికో అప్పగించినా తిరిగి తీసుకోవచ్చని ఒప్పుకుంటూనే, చదువు కోసం ఇంగ్లండు వెళ్లిన పిల్లలు చెంగల్పట్టు జిల్లా నివాసులు కారని, వాళ్ల ఇష్టం ఎవరూ కనుక్కోలేదని ఎత్తిచూపింది. తండ్రి హక్కు గట్టిదే అయినా దావా నిలవలేదు.

ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1949లో, అక్కడి చట్టం హిందువులకు విడాకుల వీలు కల్పించింది. 1956 హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం తండ్రినే మొదటి సహజ సంరక్షకుడిగా నిలిపి, 'ఆయన తర్వాత' తల్లి అంది. అయిదేళ్ల లోపు బిడ్డ మాత్రం సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలంది. అన్నిటికీ మించి బిడ్డ క్షేమమే చూడాలని 13వ సెక్షనులో రాసింది. హనఫీ ముస్లిం న్యాయంలో కొడుకు ఏడేళ్లదాకా, కూతురు యుక్తవయసుదాకా తల్లి పెంపకంలో ఉంటారు. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం వర్తిస్తుంది.

'ఆయన తర్వాత' అంటే తండ్రి చనిపోయాకే అని నలభై ఏళ్లకు పైగా అర్థం చెప్పుకున్నారు. కొడుకు పేరిట బాండ్లు కొనబోతే తల్లి సంతకం చెల్లదన్న రిజర్వు బ్యాంకుపై రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకెళ్లారు. తండ్రి బిడ్డ బాధ్యత పట్టించుకోనప్పుడు కూడా తల్లి సంరక్షకురాలేనని 1999లో తీర్పు వచ్చింది. భర్త పోయి మళ్లీ పెళ్లాడిన ఆంధ్రప్రదేశ్ తల్లి ఒకామె బిడ్డ ఇంటిపేరు గురించి నడిపిన వ్యాజ్యంలో, ఆ నిర్ణయం తల్లిదేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఇంటిపేరుతో బిడ్డను లెక్కగట్టే మన సమాజానికి ఇది చిన్న తీర్పు కాదు.

వలసతో, బిడ్డ ఎక్కడి నివాసి అన్న పాత ప్రశ్న మళ్లీ తలెత్తింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు దంపతుల కేసులో, 2017లో తల్లి పిల్లలతో హైదరాబాదు వచ్చి ఫ్యామిలీ కోర్టులో పిటిషను వేసింది. పిల్లలు అమెరికాలో పుట్టిన పౌరులు, వాళ్ల మామూలు నివాసం అక్కడే కాబట్టి హైదరాబాదు కోర్టుకు ఆ అధికారం లేదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. పిల్లల్ని దేశం దాటించే తగవుల కోసం 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అందువల్ల ఇలాంటివి కేసుకొక తీరుగా నడుస్తాయి.

ఇద్దరూ కలిసి పెంచే ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటివ్వాలని లా కమిషన్ 2015లో 257వ నివేదికలో సిఫారసు చేసింది. అది ఇంకా చట్టం కాలేదు. ఆచరణలో మాత్రం న్యాయమూర్తులు వారాంతాలు, దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు పంచి ఉత్తర్వులిస్తున్నారు. 2020లో సుప్రీంకోర్టు, దూరాన ఉన్న తల్లికో తండ్రికో రోజూ వీడియో కాల్‌లో బిడ్డతో మాట్లాడే వీలుండాలంది.

పుట్టింటికి రొంపిచెర్ల వచ్చేసిన తల్లి అక్కడినుంచే కేసు వేయగలదా అన్నది బిడ్డ నిజంగా ఎక్కడ స్థిరపడిందో చూసి కోర్టు తేలుస్తుంది. బడి రికార్డులు, ఆధార్ చిరునామా వంటివి దాచుకోవడం మంచిది. పెద్దల్లో రాసుకున్న కాగితం బిడ్డ క్షేమం విషయంలో కోర్టును కట్టేయదు. 1987 న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు; అందుకు దగ్గర్లోని కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి.