ఉప్పెన తీరంలో బైబిలు పఠనం: సందర్భం, తాత్పర్య నిర్ణయం

దిగువ కృష్ణా డెల్టాలో బైబిలు పఠన చరిత్రకు మచిలీపట్నం ముఖ్య కేంద్రం. చర్చి మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ 1841లో ఇక్కడికి వచ్చారు. 1843లో నోబుల్ ప్రారంభించిన పాఠశాలలో బైబిలు పాఠ్యాంశంగా ఉండేది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఈ పట్టణ ప్రాంతంలో సుమారు 30 వేల మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో కనీసం 10 వేల మంది మరణించారు. ఇటువంటి తీరంలో విపత్తును ప్రస్తావించే వచనానికి అర్థం చెప్పడం పాండిత్య విషయం మాత్రమే కాదు. మృతులు పాపఫలం అనుభవించారా అన్న ప్రశ్న దానితో ముడిపడి ఉంటుంది.

ఈ ప్రశ్న ఒక మతానికి పరిమితమైనది కాదు. 1934 బీహారు భూకంపాన్ని అస్పృశ్యతా పాపానికి శిక్షగా గాంధీ వ్యాఖ్యానించగా రవీంద్రనాథ్ టాగూర్ బహిరంగంగా విభేదించారు.

కొత్త నిబంధన గ్రీకు పాఠాన్ని ఈనాటి వచన సంఖ్యలతో విభజించినది ముద్రాపకుడు రాబర్ట్ ఎస్తియెన్, సంవత్సరం 1551. ఈ విభజన వెతుకులాటను సులభం చేసింది. వచనాన్ని ప్రకరణం నుంచి విడదీసి ఉదాహరించే అలవాటుకూ దోహదపడింది. ఆ అలవాటుకు విరుగుడు భారతీయ వ్యాఖ్యాన సంప్రదాయంలోనే ఉంది. ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అనే ఆరూ తాత్పర్య నిర్ణాయకాలు. వక్త ఎవరు, శ్రోత ఎవరు, ప్రకరణం ఏది అని ఆలంకారికులు అదనంగా విచారించారు.

వక్తృ విచారానికి యోబు గ్రంథం తగిన ఉదాహరణ. నిరపరాధి నశించడం ఎక్కడైనా ఉందా అన్న భావం 4వ అధ్యాయం 7వ వచనంలో ఉంది. విడిగా చదివితే అది దైవవాక్కుగా తోస్తుంది. కాని ఆ మాట అన్నది యోబు మిత్రుడు ఎలీఫజు. అతడూ అతని స్నేహితులూ తన విషయమై యుక్తంగా పలకలేదని ఉపసంహారంలో, 42వ అధ్యాయం 7వ వచనంలో, దేవుడే కోపిస్తాడు. భామాకలాపంలో సత్యభామ ఆగ్రహంతో అన్న మాటను సిద్ధేంద్రయోగి సిద్ధాంతంగా కూచిపూడి ప్రేక్షకుడు స్వీకరించడు. ఆ వివేకమే ఇక్కడా అవసరం.

మత్తయి సువార్త 7వ అధ్యాయంలోని రెండు ఇళ్ల ఉపమానానికి ఉపక్రమం 5వ అధ్యాయంలో ఉంది. ఈ మూడు అధ్యాయాలూ కొండమీది ప్రసంగం. వానా వరదా గాలీ రెండు ఇళ్లనూ ఒకే విధంగా తాకుతాయి. భేదం పునాదిలో ఉంది. విన్నదానిని ఆచరించడమే బండ. అదే ప్రసంగంలో, 5వ అధ్యాయం 45వ వచనం, నీతిమంతులపైనా అనీతిమంతులపైనా వాన సమంగా కురుస్తుందని చెబుతుంది. కాబట్టి ఉపమానం శ్రోత ఆచరణను పరీక్షిస్తుందే గాని కూలిన ఇంటి యజమానులందరి పాపపుణ్యాలను తూచదు. ఒండ్రు నేలలో ఇల్లు కట్టుకున్న డెల్టావాసికి పునాది వేసేందుకు బండే దొరకదు. ఈ మాటను వాచ్యార్థంలో తీసుకునే వీలు అతనికి లేదు.

లూకా సువార్త 13వ అధ్యాయంలో ప్రశ్న సూటిగానే వస్తుంది. సిలోయము గోపురం కూలి మరణించిన పద్దెనిమిది మంది తక్కిన యెరూషలేము వాసులకంటె అపరాధులా అని అడిగి, కాదని యేసే జవాబిస్తాడు. వెంటనే వచ్చే మారుమనస్సు హెచ్చరికను వేరుచేసి ఉదాహరిస్తే అది మృతులపై తీర్పుగా మారుతుంది. ప్రకరణంలో దానిని ఆలకిస్తున్నవారు బతికి ఉన్నవారు. దాని తరువాతి అంజూరపు చెట్టు ఉపమానంలోనూ నరికివేత వాయిదా పడి, మరో ఏడాది గడువు లభిస్తుంది.

ఈ మూడు ప్రకరణాలలోనూ మృతుల నేరాన్ని నిర్ధారించే అధికారం పాఠకునికి లభించదు. పాపమూ తీర్పూ బైబిలులో లేవని దీని భావం కాదు. జలప్రళయం, సొదొమ వంటి వృత్తాంతాలలో విపత్తును తీర్పుగా ప్రకటించేది ఆ గ్రంథ కథనమే. అటువంటి ప్రకటన లేని 1864, 1977 ఉప్పెనలకు ఆ తీర్పును ఆరోపించడం వ్యాఖ్యానం కాదు, అధ్యారోపం. సందర్భ పఠనం ఈ తీరంలో మృతుల పట్ల న్యాయం కూడా.