కమ్మి మీద అచ్చైన పేరు, రిజిస్టరులో వేలిముద్ర

మొన్న ఎండాకాలంలో కుప్పం స్టేషను దాటినాక కమ్మీలు మారుస్తా ఉన్నారని తెలిసి చూడను పోయినాను. రైలు కట్ట మీదికి ఎక్కలేదు. పక్క చేని గట్టున నిలబడి సెల్‌ఫోన్‌తో ఫోటోలు తీసినాను. ఆ దారిలో రెండు మూడు గంటలు రైళ్ళు ఆపి 'బ్లాక్' ఇచ్చినారు. ఆ కొద్ది వ్యవధిలోనే పాత కమ్మీలు, స్లీపర్లు ఎత్తాలి, కొత్తవి దించాలి, కంకర సర్దాలి, మళ్ళీ రైలు పోయేలా చేయాలి. పసుపు రంగు క్రేను ఒక్కో పానెల్‌ను పట్టుకొని పైకి లేపుతుంటే ఊరి పిల్లలతో పాటు నేనూ నోరు తెరుచుకొని చూసినాను.

ఇంటికొచ్చి ఫోటోలన్నీ ముందేసుకుంటే సిగ్గేసింది. అన్నింటి నడిమధ్యలో మెషీనే ఉంది. మనుషులు అంచుల్లో ఉన్నారు. ఒకరికి తల తెగింది, ఇంకొకరికి వీపు మాత్రమే కనిపిస్తోంది. మా తాత ఇదే లైనులో గ్యాంగ్‌మన్‌గా బతికినాడు. ఆయన మనవణ్ణి, మా ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాణ్ణి, నేను తీసిన ఫోటోలోనే కూలి మనిషి అంచుకు పోయినాడంటే ఈ చూపు నాకు ఎక్కణ్ణించి వచ్చింది? ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే.

ముందు లైను సంగతి. మద్రాసు రైల్వే కంపెనీ 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా మొదటి రైలు నడిపింది. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు శాఖ లైను 1864లో తెరిచారు. కుప్పం ఆ శాఖ మీదనే ఉంది. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, అది 1911లో ఏర్పడింది. కుప్పం ఉత్తర ఆర్కాటు జిల్లాలోని కంగుంది జమీందారీలో ఉండేది. కంపెనీ వాటాదార్లకు పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి సర్కారు హామీ ఇచ్చింది. లాభం తగ్గితే ఆ లోటు పూడ్చింది ఈ దేశపు రైతుకూలీల పన్నుల డబ్బే. లండన్‌లో వాటా కొన్నవాడికి హామీ ఉంది. కట్ట మీద మట్టి మోసినవాళ్ళకు ఏ హామీ ఉంది?

దక్షిణాదిన రైలు కట్టల మట్టిపని ఎక్కువగా చేసింది వడ్డెర్లు. కుటుంబాలకు కుటుంబాలే పని వెంట కదిలేవి. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు, పిల్లలు మోసేవాళ్ళు. ఇప్పుడు ఇదే లైను మీద ఒక విచిత్రం చూడవచ్చు. కుప్పం, గుడుపల్లె దాటి బంగారపేట వైపు రాష్ట్ర సరిహద్దు దాటితే వడ్డెర్లు కర్ణాటకలో భోవి పేరుతో షెడ్యూల్డు కులం. సరిహద్దుకు ఇటు ఆంధ్రలో వెనుకబడిన తరగతి. కట్ట ఒకటే, చేతులు ఒకటే, కాగితం మాత్రం రెండు తీర్లు.

రైల్వే నిర్మాణానికి పాత ఫోటోలు లేక కాదు. బొంబాయి దగ్గర భోర్ ఘాట్ పనుల ఫోటోలు ప్రసిద్ధం. అక్కడ కాంట్రాక్టరు సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో చనిపోతే ఆయన భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ పని కొనసాగించింది. వాళ్ళిద్దరి పేర్లూ చరిత్రలో నిలిచినాయి. అక్కడ కలరాతో, ప్రమాదాలతో రాలిపోయిన వేలమంది కూలీల పేర్లు ఎక్కడున్నాయి? అలాంటి ఫోటోల్లో వంతెన ఎంత పెద్దదో చెప్పడానికి పక్కన ఒక మనిషిని నిలబెట్టేవాళ్ళు. కొలబద్దగా పనికొచ్చినాడు గాని మనిషిగా లెక్కకు రాలేదు. నా సెల్‌ఫోన్ చూపుకు మూలం అక్కడే ఉందని ఇప్పుడు అర్థమవుతోంది.

కట్టడం ఒకసారితో అయిపోతుంది, కాపాడటం రోజూ ఉంటుంది. ఆ పని గ్యాంగులది. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన జి.ఐ.పి. రైల్వే అస్పృశ్య కార్మికుల సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ సంగతిని సూటిగా ముందుపెట్టినాడు. అస్పృశ్యుడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే ముగిసిపోతున్నాడు. పోర్టరు కూడా కాలేడు. ఎందుకంటే పోర్టరు స్టేషను మాస్టరు ఇంట్లో పనులు కూడా చేయాలి, అంటరానివాడు ఆ ఇంట్లోకి పోరాదు. ఆయన మాట సారాంశం ఇది. రైలు అందర్నీ ఒకే బోగీలో కూర్చోబెట్టి కులాన్ని చెరిపేసిందని రాసే పండితులు బోగీ కిందికి తొంగి చూడలేదు.

మా తాత పని ఏంటిది? బీటరుతో స్లీపరు కింద కంకర దట్టించడం, వంగిన కమ్మిని గడ్డపారలతో సరిచేయడం, వానాకాలం రాత్రుల్లో లాంతరు పట్టుకొని కట్ట వెంబడి గస్తీ తిరగడం. లెక్క కట్టి చూద్దాం. మీటరుకు 52 కిలోల కమ్మి 13 మీటర్ల ముక్క 676 కిలోలు. ఇప్పుడు వేసే 60 కిలోల కమ్మి అదే పొడవుకు 780 కిలోలు. కాంక్రీటు స్లీపరు ఒక్కొక్కటి 250 కిలోలకు పైనే. కిలోమీటరుకు 1,660 స్లీపర్లంటే వాటిని పట్టి ఉంచే క్లిప్పులు 6,640. వాటిలో ఊడిందేదో, వదులైందేదో చూసుకుంటా కీమన్ రోజూ నడవాలి. ఎండకు కమ్మి సాగి వంకరపోతుందేమోనని మిట్టమధ్యాహ్నం కూడా కాపలా కాయాలి.

కమ్మి పక్కన, నడుము భాగంలో ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. చేసిన మిల్లు పేరు, బరువు, చేసిన నెల, సంవత్సరం. ఏ కమ్మి అయినా విరిగితే అది ఎక్కడ ఎప్పుడు పుట్టిందో చెప్పవచ్చు. మా తాతకు పుట్టిన తేదీ తెలీదు. ఉద్యోగం రిజిస్టరులో జూలై 1 అని ఎవరో రాసినారు, కింద ఆయన వేలిముద్ర. పర్మనెంటు కాకముందు ఎన్నేండ్లు రోజుకూలీగా చేసినాడో అడగను మా నాయన ఒక ఆఫీసుకు పోతే పాత రిజిస్టర్లు ఉంచలేదన్నారు. ఇది మా ఒక్క ఇంటి కత కాదు. రైల్వే ప్రాజెక్టుల్లో ఏళ్ళకొద్దీ 'క్యాజువల్'గా మగ్గినవాళ్ళ కోసం 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. అప్పుడు కూడా రుజువు చూపాల్సింది కూలీనే.

ఇంకొక సంగతి చెప్పకుండా కమ్మీల చరిత్ర పూర్తికాదు. దశాబ్దాలపాటు ప్రతి బోగీ మరుగుదొడ్డి నేరుగా కట్ట మీదికే తెరుచుకొని ఉండేది. గ్యాంగ్‌మన్ కూర్చొని చేతులు పెట్టే కంకర అదే. "ఇంటికొస్తే ముందు బాయికాడికే పోయేవోడు, బిడ్డల్ని తాకేవోడు కాదు" అని మా అవ్వ చెప్పేది. బయట అంటరానితనం సరిపోదన్నట్టు, పని ఆయన్ను సొంత ఇంట్లో కూడా దూరం నిలబెట్టింది.

కుప్పం నుంచి ఇదే లైను మీద పోతే వచ్చే బంగారపేట దగ్గర కోలారు బంగారు గనులున్నాయి. అక్కడి తెలుగు దళిత సఫాయి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిర్మించినవాళ్ళలో ఒకడు. 2003లో ఆ ఉద్యమం సుప్రీంకోర్టుకు పోయింది. మా దగ్గర పాకీపని లేనే లేదని ప్రభుత్వాలు అఫిడవిట్లు వేస్తుంటే, ఉద్యమం ఫోటోలతో, వివరాలతో ఎదురు నిలిచింది. 2014 మార్చి 27 నాటి తీర్పులో, పట్టాల మీద పాకీపని అంతం చేయడానికి రైల్వేలు గడువు పెట్టుకొని పనిచేయాలని కోర్టు చెప్పింది. బోగీలకు బయో టాయిలెట్లు దాదాపు పూర్తిగా వచ్చింది 2020 నాటికి. మొదటి రైలు నడిచి 160 ఏళ్ళు దాటినాక.

ఈ ఫోటోలకూ భోర్ ఘాట్ ఫోటోలకూ తేడా మనం పట్టుకోవాలి. అక్కడ మనిషి వంతెనకు కొలత. ఇక్కడ మనిషే సాక్ష్యం.

మెషీను వచ్చింది కదా, ఇంక కష్టమెక్కడిది అనేవాళ్ళున్నారు. మెషీను రావాల్సిందే, మా తాత నడుము గుర్తున్నవాడెవడూ దాన్ని వద్దనడు. కానీ క్రేను పానెల్ దించినాక కంకర లాగేది, క్లిప్పులు కొట్టేది, అతుకు వేడి ముందు కూర్చునేది మనుషులే. వాళ్ళలో కాంట్రాక్టు కూలీలూ ఉన్నారు. గ్యాంగ్‌మన్ పేరు ట్రాక్‌మన్ అయింది, తర్వాత ట్రాక్ మెయింటెయినర్ అయింది. 2012లో అనిల్ కాకోద్కర్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం 2007-08 నుంచి 2011 అక్టోబరు దాకా సుమారు 1,600 మంది రైల్వే సిబ్బంది పనిలో చనిపోయినారు, 8,700 మంది గాయపడినారు. పేరు మారితే చావు తప్పుతుందా?

ఫోటోలు మా నాయనకు చూపించినాను. మెషీను దాటేసి వేలితో ఒక మూలకు జరిపినాడు. ఎర్రజెండా పట్టుకొని దూరంగా ఒకాయన నిలబడి ఉన్నాడు. "ఈయప్ప పేరేంది?" అన్నాడు. అడగలేదన్నాను. "పక్క లైన్లో రైలొస్తే అందర్నీ కేకేసేది ఈయప్పే గదా, ఈయప్పనే అడగలేదా?" అన్నాడు.

మరుసటి రోజు మళ్ళీ పోయినాను. ఈసారి ఫోన్ జేబులో పెట్టి, పని ముగించుకొని కట్ట దిగి వచ్చేవాళ్ళ కోసం నిలబడినాను. పేరు, ఊరు, ఎన్నేండ్ల నుంచి ఈ పని, తండ్రి ఏం చేసేవాడు అని అడిగి, ఒప్పుకున్నవాళ్ళ ఫోటో వాళ్ళు చెప్పిన తీరున తీసినాను. మన పరిశోధక మిత్రులు కూడా ఈ పని చేయాలి. ఇండ్లలో పెట్టెల అడుగున పాత పాసులు, పి.ఎఫ్. కాగితాలు, రిటైరైన నాటి గ్రూపు ఫోటోలు ఇంకా ఉన్నాయి. ముసలివాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. ఆ గ్రూపు ఫోటోలో ఎవరు ఎవరో చెప్పేవాళ్ళు బతికుండగానే వెనకవైపు పేర్లు రాయించుకోవాలి.