వియత్నాంలో స్త్రీల బ్లాగులు

వియత్నాంలో సొంతంగా పత్రిక పెట్టుకునే హక్కు పౌరులకు లేదు. దినపత్రికలు, రేడియో, టీవీ అన్నీ ప్రభుత్వానివో, కమ్యూనిస్టు పార్టీవో, వాటి అనుబంధ సంఘాలవో. అందుకే 2005 తర్వాత అక్కడ మొదలైన బ్లాగుల మీద, వేరే చోట్ల వాటిపై పడని బరువు పడింది. ఎవరి అనుమతీ అడగకుండా రాసుకుని, నలుగురి చేతా చదివించగలిగిన మొదటి చోటు అదే మరి. అక్కడ ముందుగా చేరింది ఉద్యమకారులు కాదు, ప్రేమలూ పరీక్షలూ గురించి రాసుకునే కుర్రకారు. సొంత సంగతి ఎక్కడ ముగుస్తుంది, దేశం సంగతి ఎక్కడ మొదలవుతుంది అన్న తగవు ఆ తర్వాత వచ్చింది. ఆ తగవులో ఎక్కువ మూల్యం చెల్లించిన వాళ్లలో స్త్రీలు చాలామంది.

పూర్వరంగం

స్త్రీలు నలుగురి కోసం రాయడం వియత్నాంకు ఇంటర్నెట్‌తో వచ్చింది కాదు. 1918లో సైగాన్ నుంచి వెలువడిన ‘న్యు జోయ్ చుంగ్’ను ఆ దేశపు తొలి మహిళా పత్రికగా చెబుతారు. దాని సంపాదకురాలు కవయిత్రి సువాంగ్ న్గుయెట్ ఆన్. ఫ్రెంచి పాలనలో, ఏడాది తిరక్కుండానే అది మూతపడింది. 1929లో మొదలైన ‘ఫు న్యు తాన్ వాన్’ మరికొన్నేళ్లు నడిచింది. ఈ పత్రికలు రోమన్ అక్షరాల వియత్నామీ లిపిలో అచ్చయ్యేవి. చైనా అక్షరాలు నేర్చుకునే అవకాశం దొరకని ఆడవాళ్లకు ఈ లిపి చప్పున పట్టుబడింది.

కంప్యూటర్లు వచ్చాక మాత్రం అదే లిపి ఇబ్బంది పెట్టింది. వియత్నామీలో ఆరు స్వరస్థాయులున్నాయి. అచ్చుల మీద టోపీలు, తోకలు, వాటికి తోడు స్వరస్థాయి గుర్తులు, కొన్నిసార్లు ఒకే అక్షరం మీద రెండేసి. 1990ల్లో ఉత్తరాదిలో ఒక రకం ఫాంట్లు, దక్షిణాదిలో వీఎన్ఐ ఫాంట్లు వాడేవారు. హనోయిలో టైపు చేసిన ఉత్తరం సైగాన్‌లో తెరిస్తే పిచ్చిగీతలే కనిపించేవి. పత్రికకో ఫాంటు ఉన్న రోజుల్లో తెలుగులో కంప్యూటర్ వాడినవారికి ఈ గోల వివరించనక్కర్లేదు. 2002లో వియత్నాం ప్రభుత్వం యూనికోడ్ ఆధారిత ప్రమాణాన్ని కార్యాలయాలన్నింటికీ తప్పనిసరి చేసింది. ఫామ్ కిమ్ లాంగ్ రాసిన యూనికీ అనే చిన్న, ఉచిత టైపింగ్ ప్రోగ్రాం ఇంటింటికీ చేరింది. దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు.

ఆ టైపింగ్ పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. తంతి కార్యాలయాల కాలం నాటి అలవాట్ల నుంచి వచ్చిన ‘టెలెక్స్’ పద్ధతిలో, దేశం పేరులోని మొదటి మాట రాయాలంటే వీ, ఐ, ఈ, మళ్లీ ఈ, టీ, చివర జే నొక్కాలి. రెండో ఈ నొక్కగానే మొదటి ఈ మీద టోపీ వచ్చి కూర్చుంటుంది. జే నొక్కగానే దాని కిందికి చుక్క వస్తుంది. వియత్నామీ మాటల చివర జే రాదు కనుక, ఆ అక్షరాన్ని గుర్తు కోసం నిశ్చింతగా వాడుకున్నారు. మామూలు ఇంగ్లిషు కీబోర్డు మీద ఇంత వేగంగా సొంత భాష కొట్టగలగడం లేకపోతే, ఆ తర్వాతి బ్లాగుల హోరు అంత త్వరగా వచ్చేది కాదు.

నెట్ రాక

1986 డిసెంబరులో జరిగిన పార్టీ ఆరో మహాసభ ‘దొయ్ మొయ్’ పేరిట ఆర్థిక సంస్కరణలకు తలుపు తీసింది. 1990ల తొలి సంవత్సరాల్లో హనోయిలోని సమాచార సాంకేతిక సంస్థలో ట్రాన్ బా థాయ్ బృందం, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన రాబ్ హర్ల్ సాయంతో, టెలిఫోన్ తీగ మీద ఈమెయిలు నడిపింది. ఉత్తరాలను మూటగట్టి ఉంచి, ఫోను కలిసినప్పుడు ఆస్ట్రేలియాతో ఇచ్చిపుచ్చుకునేవారు. 1994లో ప్రధాని వో వాన్ కియెట్, స్వీడన్ ప్రధాని కార్ల్ బిల్ట్ మధ్య ఈమెయిళ్లు నడవడంతో సర్కారులో దీనికి కొంత పరపతి వచ్చింది.

పూర్తి స్థాయి ఇంటర్నెట్‌కు వియత్నాం అధికారికంగా కలిసింది 1997 నవంబరు 19న. నాయకత్వంలో భయాలు లేకపోలేదు. అదుపు చేయగలిగినంత మేరకే తెరుద్దాం అన్నది అప్పటి మాట. అప్పటి తపాలా, టెలికాం శాఖ అధిపతి మాయ్ లియెమ్ ట్రుక్ వంటివారు పైవాళ్లను ఒప్పించారు. 2001లో ఎఫ్‌పీటీ సంస్థ ‘వీఎన్ ఎక్స్‌ప్రెస్’ అనే ఆన్‌లైన్ పత్రిక ప్రారంభించింది. 2003లో ఏడీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అయినా ఇంట్లో కంప్యూటరుండేది కొద్దిమందికే. కుర్రాళ్లు గేములకీ, అమ్మాయిలు యాహూ మెసెంజర్‌కీ గంటల లెక్కన నెట్ షాపుల్లో కూర్చునేవారు. వచ్చినవాళ్ల గుర్తింపు వివరాలు రాసిపెట్టుకోవాలని షాపులకు 2005లో ఆదేశాలు వచ్చాయి.

డైరీల కాలం

2005లో రెండు సంగతులు జరిగాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి. యుద్ధకాలంలో క్వాంగ్ న్గాయ్ అడవుల్లోని ఆసుపత్రిలో పనిచేస్తూ 1970లో అమెరికా సైనికుల తూటాకు చనిపోయిన యువ వైద్యురాలు డాంగ్ థ్యు ట్రామ్ డైరీ ఆ ఏడు పుస్తకంగా వచ్చింది. కాల్చెయ్యకుండా దాన్ని ముప్పై అయిదేళ్లు దాచింది ఒక అమెరికా సైనిక నిఘా అధికారి. రెండు వేల ప్రతులు అమ్ముడుపోతే గొప్ప అనుకునే దేశంలో అది లక్షల్లో అమ్ముడైంది. జనానికి అందులో నచ్చింది వీరగాథ కాదు. ఆ అమ్మాయి దిగులు, సందేహాలు, తెగిపోయిన ప్రేమ. సరిగ్గా అదే ఏడాది యాహూ 360 అనే బ్లాగు సేవ మొదలైంది. అమెరికాలో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వియత్నాంలో మాత్రం అప్పటికే ప్రతి కుర్రదానికీ, కుర్రాడికీ మెసెంజర్ ఖాతా ఉంది. పక్కనే డైరీ కూడా ఇచ్చారు. ఇంకేం కావాలి?

చూస్తుండగానే వాళ్లలో తారలు పుట్టుకొచ్చారు. న్యూయార్క్‌లో చదువుకున్న హా కిన్ తన ప్రేమకథను వాయిదాలుగా రాస్తే, తర్వాతి భాగం కోసం పాఠకులు ఎదురుచూశారు. ఆ తర్వాత అది ‘న్యూయార్క్ ప్రేమకథ’ పేరుతో పుస్తకమైంది. ట్రాంగ్ హా అనే రచయిత్రి ఒక చైనా నెట్ నవలను తన బ్లాగులో అనువదిస్తూ పోయి పేరు తెచ్చుకుంది. పాత్రికేయురాలు లె న్గుయెన్ హువాంగ్ ట్రా ‘కో గాయ్ దో లాంగ్’ అనే మారుపేరుతో సినిమావాళ్ల గుట్లు రట్టు చేస్తుంటే పాఠకులు ఎగబడి చదివారు. 2010 అక్టోబరులో ఆమె సినిమా వాళ్లను దాటి పోలీసు శాఖలోని పెద్ద అధికారి కుటుంబం గురించి రాసింది. వెంటనే అరెస్టు చేశారు. మూడు నెలల తర్వాత వదిలేశారు. ఎంత దూరం రాయవచ్చో వినోదపు బ్లాగర్లకు ఆ మూడు నెలలు చెప్పాయి.

దేశం సంగతి

పారసెల్, స్ప్రాట్లీ దీవులపై చైనా పెత్తనానికి నిరసనగా 2007 డిసెంబరులో హనోయి, సైగాన్‌లలో కుర్రవాళ్లు వీధికెక్కారు. పిలుపు వెళ్లింది బ్లాగుల మీద, ఫోను సందేశాల మీద. పత్రికల్లో అక్షరం లేకుండా జనం పోగవడం ప్రభుత్వానికి కొత్త. 2008 ఏప్రిల్లో డియెవ్ కాయ్ అనే మారుపేరున్న బ్లాగరును పన్ను ఎగవేత నేరం మీద పట్టుకున్నారు. డిసెంబరులో బ్లాగులపై మొదటి ప్రత్యేక నిబంధన వచ్చింది. బ్లాగులో సొంత విషయాలే ఉండాలి, సేవ నడిపే సంస్థలు ఆరు నెలలకోసారి సర్కారుకు లెక్క చెప్పాలి. 2013 సెప్టెంబరు 1 నుంచి అమలైన 72వ నంబరు డిక్రీ ఇంకో అడుగు ముందుకు వేసింది. వేరే చోటి వార్తలు పోగుచేసి సొంత పేజీలో పెట్టడం కుదరదంది.

ఏది సొంతం, ఏది కాదు అన్న ప్రశ్నకు ఆ నిబంధనల్లో జవాబు లేదు. న్యా చాంగ్ పట్టణంలోని న్గుయెన్ న్గోక్ న్యు క్విన్ బ్లాగు పేరు ‘మె నమ్’, అంటే నమ్ వాళ్లమ్మ. నమ్ ఆమె కూతురి ముద్దుపేరు. పిల్ల తల్లిగా రాయడం మొదలుపెట్టి, పిల్ల తినే చేప దగ్గర నుంచి పిల్ల పెరిగే దేశం దాకా అన్నీ తల్లి విషయాలేనని ఆమె రాతలు వాదిస్తాయి. 2009లో మధ్య పీఠభూమిలో చైనా కంపెనీలు పాలుపంచుకున్న బాక్సైట్ తవ్వకాలపై పెద్ద రభస నడిచింది. దియెన్ బియెన్ ఫూ విజేత, తొంభై ఏడేళ్ల జనరల్ వో న్గుయెన్ జియాప్ సైతం వద్దంటూ లేఖలు రాశాడు. ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా టీ షర్టులు వేయించిన క్విన్‌ను మాత్రం అదుపులోకి తీసుకున్నారు. ఇక రాయనని హామీ పుచ్చుకుని పంపారు. ఆమె కొంతకాలానికి మళ్లీ రాసింది. పోలీసు కస్టడీలో జరిగిన మరణాల జాబితా తయారుచేసింది.

2016 ఏప్రిల్లో హా తిన్ తీరంలో చేపలు చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి. మధ్య వియత్నాంలోని నాలుగు రాష్ట్రాల తీరంలో జాలరులకు వేట పోయింది. కారణం తైవాన్‌కు చెందిన ఫార్మోసా ఉక్కు కర్మాగారం వదిలిన విషపు నీళ్లని జూన్ నెలాఖరుకు ప్రభుత్వమే ప్రకటించింది. కంపెనీ 50 కోట్ల డాలర్లు పరిహారం ఒప్పుకుంది. తప్పు కంపెనీదేనని తేలినా, దాని గురించి గొంతెత్తిన క్విన్‌ను అక్టోబరు 10న అరెస్టు చేశారు. అప్పుడామె జైల్లో ఉన్న మరొకరి తల్లికి తోడుగా ములాఖత్‌కు వెళ్లింది. 2017 జూన్‌లో పదేళ్ల శిక్ష పడింది. తల్లి లేని ఇంట్లో అమ్మమ్మ, ఇద్దరు పిల్లల రోజులను ‘అమ్మ ఇంట్లో లేదు’ అనే డాక్యుమెంటరీ చూపింది. 2018 అక్టోబరులో ఆమెను జైలు నుంచి నేరుగా అమెరికా విమానం ఎక్కించారు.

మాజీ పోలీసు అధికారిణి తా ఫోంగ్ తన్ కథ ఇంకా దారుణం. ‘న్యాయం, నిజం’ పేరుతో ఆమె పోలీసు వ్యవస్థ లోగుట్టు రాసేది. 2011లో అరెస్టయింది. విచారణ జరగకముందే, 2012 జులైలో, ఆమె తల్లి బాక్ లియూలో ప్రభుత్వ కార్యాలయం ఎదుట నిప్పంటించుకుని చనిపోయింది. సెప్టెంబరులో ఆమెకు పదేళ్లు, డియెవ్ కాయ్‌కి పన్నెండేళ్లు వేశారు. వీళ్లిద్దరినీ కూడా ఆ తర్వాత అమెరికా పంపేశారు. జైలు లేదంటే విమానం అన్నది ఒక పద్ధతిగా మారింది. ఆ విమానం ఎక్కనని ముందే చెప్పిన రచయిత్రి ఫామ్ దోవాన్ ట్రాంగ్. వీఎన్ ఎక్స్‌ప్రెస్‌లో పాత్రికేయురాలిగా మొదలై, చట్టాల గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పే ‘లువాట్ ఖోవా’ ఆన్‌లైన్ పత్రిక వ్యవస్థాపకుల్లో ఒకరైంది. 2021 డిసెంబరులో ఆమెకు తొమ్మిదేళ్ల శిక్ష విధించారు.

వేదికలు మారడం

ఒక్క సర్కారే కాదు, కంపెనీల నిర్ణయాలు కూడా బ్లాగులను చంపాయి. యాహూ 360ని 2009 జులై 13న మూసేశారు. వియత్నాం కోసమే పెట్టిన 360 ప్లస్ 2013 జనవరిలో పోయింది. చాలామంది వలస వెళ్లిన మై ఓపెరా 2014 మార్చిలో ఆగిపోయింది. పదిహేడేళ్ల వయసులో రాసుకున్న పేజీలు దింపుకోనివాళ్లకు దక్కలేదు. ఒక తరం యవ్వనం తాలూకు రాత అలా పోయింది. జనం ఫేస్‌బుక్‌కు మళ్లారు. 2009 నవంబరు నుంచి దానికీ అడ్డంకులే, కానీ నెట్ సెట్టింగుల్లో 8.8.8.8 అని నాలుగు ఎనిమిదులు కొడితే తెరుచుకునేది. ఆ సంగతి తెలియని కుర్రవాడు లేడు. 2015 జనవరిలో ప్రధాని న్గుయెన్ టాన్ జుంగ్, సోషల్ మీడియాను నిషేధించడం కుదరని పని అని ఒప్పుకున్నాడు. అదుపు మాత్రం పెరుగుతూనే పోయింది. సైబర్ భద్రతా చట్టం 2019 జనవరి 1 నుంచి అమలైంది. 2024 డిసెంబరు 25 నుంచి అమలైన 147వ నంబరు డిక్రీ ప్రకారం, ఫోను నంబరుతోనో గుర్తింపు సంఖ్యతోనో ధ్రువపరచుకున్న ఖాతాలే ఏదైనా రాయగలవు.

సాంకేతిక రచన

సాంకేతిక విషయాల బ్లాగులకు ఈ బెడద తక్కువ. ఆ రంగంలో బాగా పేరున్న వియత్నాం స్త్రీ హుయెన్ చిప్. 1990లో పుట్టి, నామ్ దిన్ ప్రాంతపు వరిపొలాల ఊళ్లో పెరిగిన ఈమె అసలు పేరు న్గుయెన్ థి ఖాన్ హుయెన్. కాలేజీకి వెళ్లకుండా ఒంటరిగా దేశాలు తిరిగి, 2012లో ‘సంచి తగిలించుకుని బయలుదేరు’ అనే యాత్రా రచన మొదటి భాగం ప్రచురించింది. కుర్రకారు ఎగబడి కొన్నారు. కొన్ని వందల డాలర్లతో బయలుదేరి అన్ని దేశాలు తిరగడం ఎలా సాధ్యం అంటూ అనుమానాలూ లేచాయి. 2013లో రెండో భాగం వచ్చాక పుస్తకాన్ని ఆపించాలని ప్రచురణల శాఖకు అర్జీ కూడా వెళ్లింది. అదే ప్రయాణం మగవాడు చేసి ఉంటే అంత ఆరా తీసేవారా అన్నది అడగదగిన ప్రశ్నే.

ఆమె స్టాన్‌ఫర్డ్‌లో చేరి కంప్యూటర్ సైన్స్ చదివింది. ఇంకా విద్యార్థినిగా ఉండగానే, 2017లో, అక్కడ టెన్సర్‌ఫ్లో అనే మెషీన్ లెర్నింగ్ సాధనం మీద ఒక కోర్సు తానే రూపొందించి బోధించింది. నోట్సంతా అందరికీ తెరిచిపెట్టింది. సొంత డొమైన్ మీద ఇంగ్లిషులో నడిపే బ్లాగులో మెషీన్ లెర్నింగ్ వ్యవస్థలు ప్రయోగశాల దాటి నిజమైన వాడుకలోకి వచ్చాక ఎక్కడెక్కడ చెడతాయో రాస్తుంది. డేటా మారిపోవడం, జవాబు ఆలస్యం కావడం, ఖర్చు తడిసి మోపెడవడం వంటివి. ఆ వ్యాసాల దారిలోనే 2022లో ‘డిజైనింగ్ మెషీన్ లెర్నింగ్ సిస్టమ్స్’, ఆ తర్వాత ‘ఏఐ ఇంజినీరింగ్’ పుస్తకాలు వచ్చాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో ఆ పని చేస్తున్న తెలుగు ఇంజినీర్ల బల్లల మీద కూడా ఇవి కనిపిస్తాయి. యాత్రల పుస్తకాలు వియత్నామీలో, సాంకేతిక రచనలు ఇంగ్లిషులో రాయడం వల్ల ఆమెకు రెండు వేర్వేరు పాఠక లోకాలు ఏర్పడ్డాయి.