నలుగు – నాటి వివేకము



భోగినాడును దీపావళినాడును తలంటి, సున్నిపిండితో ఒడలు రుద్దించుకొనని తెలుగువాడు అరుదు. ఈ యాచారము ఎంత ప్రాచీనమో, దానియందు మన పెద్దలు చూపిన వివేకమెట్టిదో నేడు కొంత మనవిచేసెదను.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున 24వ అధ్యాయమునందు ఉద్వర్తనము, ఉద్ఘర్షణము, ఉత్సాదనము అను మూడు పేళ్లు గలవు. చమురు లేని పొడితో రుద్దుట ఉద్ఘర్షణమనియు, చమురు కలిపిన ముద్దతో రుద్దుట ఉత్సాదనమనియు వ్యాఖ్యాతలు విభజించిరి. వాగ్భటుడు అష్టాంగహృదయమున, ఉద్వర్తనము కఫమును హరించి, మేదస్సును కరగించి, చర్మమును ప్రసన్నము చేయునని వ్రాసెను. వాత్స్యాయనుడు నాగరకునకు స్నానము నిత్యమనియు, ఉత్సాదనము దినము విడిచి దినమనియు నియమించెను. నిత్యము స్నానమాడువాడు సైతము నిత్యము రుద్దుకొనలేదన్నమాట!

ఒక్క పనికి ఇన్ని భేదములేల? అందఱి మేను నొక్కతీరున నుండదు గనుక. జిడ్డోడు మేనికి శనగపిండి తగును. పొడిబారిన మేనికి ముందుగా నువ్వులనూనె పట్టించి, పెసరపిండిని మీగడతో కలిపి మెల్లగా నలుగు పెట్టవలెను. సుకుమారమైన మేనికి పిండిని పలుచని గుడ్డతో జల్లించి వాడవలెను. పుండ్లు, గజ్జి, పొక్కులు ఉన్నచోట నలుగు తగదు. బావంచాలు చేర్చిన పిండి రుద్దుకొని యెండలో తిరిగినచో చర్మము కమిలిపోవచ్చును.

1916లో మైసూరు ప్రభుత్వము బెంగుళూరున సబ్బుల కర్మాగారమును స్థాపించెను. క్రమముగా సబ్బు పల్లెలకు చేరగా, నలుగు పండుగలకును పెండ్లిండ్లకును పరిమితమయ్యెను. అటు పాశ్చాత్య దేశములలో, 1780లో షీలే యను రసాయనశాస్త్రజ్ఞుడు పులిసిన పాలలోని ఆమ్లమును కనుగొనెను. చేపపొలుసులవలె చర్మము గట్టిపడు వ్యాధికి అట్టి ఆమ్లములు ఉపకరించునని 1974లో వాన్ స్కాట్, యూ అను నిరువురు ప్రకటించిరి. పిండిలో పుల్లపెరుగు కలిపిన మన యవ్వలకు ఆ యామ్లము పేరు తెలియదు. గుణము కొంత తెలిసియుండును.

అయినను, ఆచారమునందు ఒక దోషము చొచ్చినది. నా బాల్యమున మా మేనత్తగారి కుమార్తెకు పెండ్లిచూపులు నిశ్చయమయ్యెను. పిల్ల చామనచాయ యని, వన్నె తేలుటకై పదిదినములు గరుకుపిండితో రుద్దిరి. మంటకు తాళలేక ఆమె యేడ్చుచుండ, “ఓర్చుకొనవే తల్లీ” అని పెద్దలనుచుండిరి. చర్మము గీరుకొనిపోయి మచ్చలు పడెనే కాని, వన్నె మారలేదు. ఎట్లు మారును? నలుగునకు ఊడునది పైనున్న నిర్జీవమైన పొర మాత్రమే. అది సుమారు నెలదినములకు తనంతట తానే రాలి, క్రొత్తది వచ్చుచుండును. వన్నె పుట్టుచోటు దానికి లోతున నున్నది.

ప్రాచీనులు చర్మప్రసాదమును కోరిరి. మనమో, తెలుపును కోరి బిడ్డలను బాధించితిమి. పెద్దలారా, మీ యిండ్లలో నలుగును నిలుపుడు. పసిబిడ్డల మేనిపైనను, పెండ్లికెదిగిన పిల్లల మేనిపైనను గరుకుచేయి పడనీయకుడు. నలుగు మేనికి హాయి గొలుపవలెనే కాని, కంట నీరు తెప్పింపరాదు.