ఎడమ చెంప మీద

నా పదో తరగతి మెమోలో ఫోటో లేదు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని మాత్రం ఉంది.

1989లో నామినల్ రోల్స్ నింపిన రోజు బాగా గుర్తు. సార్ ఒక్కొక్కరినీ పిలిచి మచ్చలు వెతుకుతున్నాడు. చొక్కా చేతులు మడవడం, మెడలు వంచడం, "ఇక్కడ చిన్నది ఉంది సార్" అనడం, క్లాసంతా నవ్వులు. నా వంతు వచ్చినప్పుడు సార్ తలెత్తకుండానే రాసేసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నాకు అదే ఎక్కువ బాధేసింది.

ఈ మచ్చల గడి బడి పుట్టించింది కాదు. ఖైదీలకీ సిపాయిలకీ ఆనవాళ్ళు రాసిపెట్టుకునే పాత సర్కారీ అలవాటు అది. ఉర్దూలో హులియా. ('హులియా బిగాడ్‌దేంగే' అని హైదరాబాద్‌లో బెదిరించేది దీన్నే!) 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చాక పోలీసులకి మచ్చలతో పని తగ్గింది. బళ్ళకి తగ్గలేదు.

నాది కంటి కింద నుంచి దవడ దాకా పరుచుకున్న ఎర్ర మచ్చ. డాక్టర్లు పోర్ట్‌వైన్ స్టెయిన్ అంటారు. చర్మంలోని సన్నటి రక్తనాళాలు వెడల్పై ఉండిపోతే వస్తుంది, వెయ్యిమంది పిల్లల్లో సుమారు ముగ్గురికి. మా అమ్మ మాత్రం గ్రహణం నాడు తను కుంకుమ ముట్టుకోబట్టే ఇలా అయిందని చివరిదాకా నమ్మింది. కడుపులో బిడ్డ రూపుదిద్దుకుంటున్నప్పుడు జీఎన్‌ఏక్యూ అనే జన్యువులో వచ్చే మార్పు దీనికి కారణమని 2013లో తేలింది. తల్లి నుంచి వచ్చేది కాదు, తల్లి చేసిందీ కాదు. అప్పటికి అమ్మ లేదు.

ఆబిడ్స్‌లో ఒక స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటో దిగితే, అడక్కుండానే నెగెటివ్ మీద పెన్సిల్ పెట్టి నా చెంప తెల్లగా చేసిచ్చారు. ఆ రోజుల్లోనే గోర్బచేవ్ అధికారిక చిత్రాల్లో నుదుటి మచ్చ మాయమయ్యేది. అంత పెద్దాయనకే తప్పలేదు, నేనెంత అనుకున్నాను.

1970ల నాటి ఆర్గాన్ లేజర్ మచ్చతోపాటు చర్మాన్నీ కాల్చేది. 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ దారి చూపించారు: రక్తం పీల్చుకునే రంగు కాంతిని, వేడి చుట్టూ పాకేలోపు ఆగిపోయేంత చిన్న తునకలుగా కొట్టాలి. మన చామనఛాయలో మెలనిన్ కూడా ఆ కాంతిని తాగేస్తుంది కాబట్టి జాగ్రత్త ఎక్కువ, ఫలితం తక్కువ. నేను ఆరుసార్లు చేయించుకున్నాను. ప్రతిసారీ రెండు వారాలు చెంప నేరేడు పండే. మచ్చ వెలిసింది, పోలేదు. సిటీ బస్సులో మాత్రం ఇప్పటికీ ఎడమ కిటికీ పక్కనే కూర్చుంటాను, చెంప బయటికి ఉండేలా.

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991) నాకు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. పేరు చూసి కొన్నాను. అది చర్మం గురించి కాదు, ఈ దేశంలో ముస్లిమై పుట్టడం గురించి. ఆ మచ్చకి లేజర్ లేదు. అది చదివాక కొన్నాళ్ళు నా బాధ గురించి మాట్లాడటానికి సిగ్గేసింది.

మెమో పాడైపోయి, డూప్లికేట్ కోసం నాంపల్లి స్టేషన్ నుంచి నడుచుకుంటూ చాపెల్ రోడ్డులోని పరీక్షల ఆఫీసుకి పోయాను. కౌంటర్‌లో పెద్దాయన కాగితం చూసి, నన్ను చూసి, మళ్ళీ కాగితం చూశాడు.

"ఎడమ చెంప మీద అని రాసిండ్రు. కనబడ్తలేదు గద సార్?"

కిటికీ దగ్గరికి జరిగి చెంప వెలుతురుకి తిప్పాను. "ఉంది, చూడండి."

కళ్ళద్దాలు పైకి తోసుకుని ముందుకి వంగాడు. "ఆఁ, ఉన్నది ఉన్నది" అన్నాడు.