పదో కేసరం

మొక్కల బొమ్మలు గీయడం నేర్చుకునేవాళ్లు సామర్లకోట కథ తెలుసుకోవాలి. 1780లలో ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ అక్కడ ఉంటూ, చుట్టుపక్కల మొక్కలకు భారతీయ చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వచ్చిన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’కి పునాది ఆ పనే.

బొమ్మ అందంగా ఉంటే సరిపోదు ఇక్కడ. లిన్నేయస్ పద్ధతిలో మొక్క ఏ తరగతిదో తేల్చేది ముఖ్యంగా కేసరాలే. ఈ పుస్తకంలో ఉన్న మోదుగనే తీసుకోండి. పైకి కనిపించేది చిలకముక్కులాంటి ఎర్రటి రేకులే. విప్పితే లోపల పది కేసరాలు: తొమ్మిది కలిసి ఒక కట్ట, పదోది విడిగా. దాన్నీ కట్టలో కలిపి గీస్తే మొక్క తరగతే మారిపోతుంది. అందుకే కొమ్మ బొమ్మ కింద పువ్వు భాగాలను విడదీసి వేరేగా గీసేవారు.

ఆ పుస్తకంలో మొక్కల తెలుగు పేర్లు నమోదయ్యాయి. గీసినవాళ్ల పేర్లు మాత్రం లేవు. మా సాఫ్ట్‌వేర్ పనిలో ఏ లైను ఎవరు రాశారో ఒక్క కమాండ్‌తో తెలిసిపోతుంది. ఇక్కడ ఆ వీలు లేదు. కేసరాలు లెక్కపెట్టిన కన్ను శాస్త్రం చేసిన కన్నే. మనం దాన్ని చేతిపని కింద జమకట్టి పక్కన పెట్టేశాం.

ఫాల్గుణంలో మోదుగ పూస్తుంది. ఒక పువ్వు విప్పి, ఆ పదో కేసరాన్ని గీసి చూడండి. పేరు మిగలని ఆ చెయ్యి ఎంత చదువుకుందో అర్థమవుతుంది.