బ్యాటరీ కారుని ఓడించిన బ్యాటరీ

ఎలక్ట్రిక్ కారంటే రేపటి బండి అనుకుంటాం గానీ, లెక్కల్లో అది తాతల నాటి బండి. 1900లో అమెరికాలో తయారైన సుమారు 4,200 కార్లలో ఆవిరివి 1,681, కరెంటువి 1,575; పెట్రోలువి 936 మాత్రమే. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొదట దాటిందీ (1899, ఫ్రాన్స్) బ్యాటరీ కారే.

అప్పటి పెట్రోలు కారంటే చప్పుడు, కంపు, గేర్లతో కుస్తీ. ముందు నిలబడి ఇనప హ్యాండిల్ తిప్పితే గానీ కదలదు. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. కరెంటు కారుకి ఈ బాధలేవీ లేవు. కంపెనీలు దాన్ని ఆడవాళ్ల బండిగా ప్రచారం చేశాయి. సాక్షాత్తూ హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్‌నే!

మరెందుకు ఓడింది? 1901లో టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్‌లో చమురు ఎగజిమ్మింది. 1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చి, ఏటికేడు చవకైంది. 1912 కాడిలాక్‌లో చార్లెస్ కెట్టరింగ్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టాడు. అందులో ఉన్నదేమిటి? ఒక బ్యాటరీ, ఒక మోటారు. పెట్రోలు కారు ప్రత్యర్థి సరుకునే అరువు తెచ్చుకుని తన పెద్ద లోపాన్ని పూడ్చుకుంది. కరెంటు కారు లోపం మాత్రం కారులోనే లేదు. ఊరు దాటితే దానికి కరెంటు దొరికేది కాదు. పెట్రోలైతే డబ్బాల్లో కొట్లలోనే దొరికేది.

మెరుగైన యంత్రమే గెలుస్తుందని మా ఇంజనీర్లకో నమ్మకం. ఈ కథ చదివాక, సెల్లార్లో ఛార్జింగ్ పాయింట్ పెట్టాలా వద్దా అని అపార్ట్‌మెంట్ మీటింగుల్లో జరిగే తగువు నాకు చిన్నదిగా అనిపించడం లేదు.